హోరీ తప్పేమిటి? ‘గోదాన్’పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ పేజీలో ప్రేమ్‌చంద్ ‘గోదాన్’ చదవమని అడిగాను. కొత్తగా చదివినవాళ్లు, ఎప్పుడో చదివి మళ్లీ తిరగేసినవాళ్లు చాలామంది ఉత్తరాలు రాశారు. కొందరు హోరీని తిట్టారు. ఒకరిద్దరు ప్రేమ్‌చంద్‌నే తిట్టారు. ఎవరూ ఊరికే బాగుందని రాసి ఊరుకోలేదు, అందుకు సంతోషంగా ఉంది.

పుస్తకం చదవనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1936లో వచ్చిన హిందీ నవల ఇది. ఆ ఏడాది అక్టోబరులోనే ప్రేమ్‌చంద్ పోయారు. అవధ్ ప్రాంతంలో బేలారీ అనే ఊరు. అక్కడ హోరీ అనే చిన్న రైతు, భార్య ధనియా, కొడుకు గోబర్, కూతుళ్లు సోనా, రూపా. వాకిట్లో ఒక పాడి ఆవు ఉండాలన్నది హోరీ కోరిక. భోలా అనే గొల్లాయన దగ్గర ఎనభై రూపాయలకు అప్పు మీద ఆవును తెస్తాడు. వేరు పడిన తమ్ముడు హీరా కడుపుమంటతో దానికి విషం పెట్టి పారిపోతాడు. అక్కడి నుంచి ఆ ఇల్లు కోలుకోదు.

ప్రశ్న: టీచర్ గారూ, హోరీ మీద నాకు జాలి కన్నా కోపం ఎక్కువ వచ్చింది. ఆవును చంపిన తమ్ముణ్ణి కాపాడటానికి కొడుకు తల మీద చెయ్యి పెట్టి అబద్ధం ఒట్టు వేస్తాడు. చేతగానితనానికి మంచితనం అని పేరు పెట్టారేమో అనిపించింది. మీరేమంటారు?
– సహకార బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: మీరు బ్యాంకులో పనిచేస్తారు కదా బాబూ, అప్పుల లెక్క నుంచే మొదలుపెడదాం. నవల మొదట్లోనే ప్రేమ్‌చంద్ హోరీ అప్పుల చిట్టా మొత్తం మన ముందు పెట్టేస్తాడు. ఎద్దు కోసం మంగరూ సాహు దగ్గర అరవై తెచ్చాడు. అయిదేళ్లలో అరవై కట్టాడు, అసలు అరవై అలాగే ఉంది. బంగాళాదుంప వెయ్యడానికి దాతాదీన్ పంతులు దగ్గర ముప్పై తెచ్చాడు. దుంపలు దొంగలు తవ్వుకుపోయారు, ముప్పై మూడేళ్లలో వంద అయింది. ఉప్పూ నూనే అమ్మే దులారీ దగ్గర నలభై తెచ్చాడు, అదీ వంద దాకా వచ్చింది. వడ్డీ నెలకు రూపాయికి అణా (రూపాయిలో పదహారో వంతు). అంటే మనం మాట్లాడుకునే లెక్కలో నూటికి ఆరుంపావు, ఏడాదికి వందకు డెబ్బై అయిదు రూపాయలు.

ఇప్పుడు ఆ నలభై ఎందుకు తెచ్చాడో చూడండి. అన్నదమ్ములు వేరు పడినప్పుడు తమ్ముళ్ల వాటా వాళ్ల చేతిలో పెట్టడానికి. పెద్దవాడు కాబట్టి అప్పు చేసైనా ఇచ్చాడు. మొదటి రెండూ సేద్యం అప్పులు. ఆ తర్వాత ఆ ఇంట్లోకి వచ్చిన అప్పుల్లో చాలావరకు ఒక మంచిపని వెనకో, పరువు వెనకో వచ్చినవే. తమ్ముడి ఇల్లు పోలీసులు సోదా చేస్తే పరువు పోతుందని దరోగాకు, అంటే పోలీసు అధికారికి, లంచం ఇవ్వడానికి ముప్పై తెచ్చాడు, ధనియా అడ్డుపడబట్టి అది ఆగింది. కడుపుతో వచ్చిన కోడలిని గడప లోపలికి రానిచ్చినందుకు కులపెద్దలు వేసిన దండుగ వంద రూపాయలు, ముప్పై మణుగుల ధాన్యం. మన డెబ్బై అయిదు కిలోల బస్తాల్లో పదిహేను! ఆ ధాన్యాన్ని హోరీ రాత్రివేళ తనే తల మీద మోసి పెద్దమనుషుల చావడికి చేరవేస్తాడు. నగదు కోసం ఇల్లు తాకట్టు పెడతాడు.

నేను ఈ నవలను హిందీ పిల్లలకు చెప్పిన ప్రతిసారీ ఇక్కడే ఆగేదాన్ని. హోరీ తాగడు, పేకాడడు, సోమరి కాడు. ఊరు అతని దగ్గర లాక్కున్నదంతా అతని మంచితనాన్ని పట్టుకునే లాక్కుంది. వడ్డీ వ్యాపారికి కాగితం అక్కర్లేదు, హోరీకి పరువు మీద ఉన్న భయం చాలు. ఒట్టు సంగతికి వస్తే, అది తప్పే, ధనియా అక్కడికక్కడే ఆ మాట అంటుంది కూడా. కానీ ఆ రాత్రి హోరీ ముందున్న లెక్క ఆవుదీ దొంగదీ కాదు. తను ఎత్తుకుని పెంచిన తమ్ముడు చేతులకు సంకెళ్లతో ఊళ్లో నడవడమా, తను ఒక అబద్ధం ఆడటమా అన్నది. మనలో ఎంతమందిమి అక్కడ నిజం చెబుతాం? నేను కచ్చితంగా చెప్పలేను.

ఇంకొక్కటి. హీరా పారిపోయాక వాడి భార్య పునియా పొలం ఎవరు చూశారు? హోరీనే. తన చేనికన్నా ముందు ఆమె చేను చూశాడు. ఈ మనిషిని చేతగానివాడు అనడానికి నాకు నోరు రాదు.

ప్రశ్న: ఎనభై రూపాయల ఆవు అంటే ఈ రోజుల్లో ఎంత?
– డిగ్రీ విద్యార్థిని, ఏలూరు

జవాబు: ఇప్పటి ధరల్లోకి మార్చడం కన్నా హోరీ కూలిలోకి మారిస్తే బాగా తెలుస్తుందమ్మా. నవల చివర్లో అతను రోడ్డు పనికి కంకర తవ్వి మోస్తాడు. రోజుకు ఎనిమిది అణాలు, అంటే అర్ధరూపాయి. ఎనభై రూపాయలకు నూట అరవై రోజులు మండుటెండలో కంకర మొయ్యాలి, ఒక్క పైసా తినకుండా.

ప్రశ్న: అమ్మా, నాకు ధనియా నచ్చలేదు. ఎప్పుడూ అరుస్తూనే ఉంటుంది. మొగుణ్ణి నలుగురిలో మాట అంటుంది. మా అత్తగారు అచ్చం అలాగే ఉంటారు, ఆవిడతో పదిహేనేళ్ల కాపురం నాది. మీరేమో ధనియాని ఆకాశానికెత్తారు.
– గృహిణి, తెనాలి

జవాబు: మీ అత్తగారి మీద కోపం ధనియా మీద చూపించకండమ్మా, మీ అత్తగారి సంగతి నాకు తెలియదు. ధనియా సంగతి మాత్రం చెబుతాను.

మొదటి పేజీల్లో ఆమె వయసు ముప్పై ఆరు. జుట్టంతా నెరిసిపోయింది. ఆరుగురు పిల్లల్ని కంటే ముగ్గురు మగపిల్లలు చిన్నప్పుడే పోయారు. మందు ఇప్పించి ఉంటే బతికేవాళ్లని ఆమె మనసు ఇప్పటికీ అంటూనే ఉంటుంది, కానీ ఆ రోజు ఒక దమ్మిడీ మందు తెప్పించలేకపోయింది. ఇంత కడుపుకోత పెట్టుకున్న మనిషి జమీందారుకు మొక్కడానికి బయలుదేరిన మొగుణ్ణి చూసి ఏమంటుంది? పొలం దున్నుకుంటున్నాం, శిస్తు కడుతున్నాం, మళ్లీ కాళ్లు పట్టుకోవడం ఎందుకంటుంది. హోరీ జవాబు మీకు గుర్తుండే ఉంటుంది. మన మెడ ఒకరి కాలి కింద ఉన్నప్పుడు ఆ కాలిని నిమరడమే క్షేమం అంటాడు. ఇద్దరూ తమ తమ వైపు నుంచి సరిగ్గానే మాట్లాడుతున్నారు. నవలంతా ఈ వాదనే నడుస్తుంది.

దరోగా వచ్చిన రోజు చూడండి. హోరీ ముప్పై రూపాయలు కండువా కొంగున కట్టుకుని వస్తున్నాడు. ఊరి పెద్దమనుషులందరూ అక్కడే ఉన్నారు, ఆ డబ్బులో వాళ్లకూ వాటా ఉంది. ధనియా వెళ్లి ఆ కండువా ఒక్క గుంజు గుంజుతుంది. ముడి ఊడి రూపాయలన్నీ నేల మీద చెల్లాచెదురు. ఇంట్లో పిల్లలు గింజ గింజకూ అల్లాడుతుంటే పరువు కాపాడుకోవడానికి వచ్చావా అని మొగుణ్ణీ, రక్తం తాగే పెద్దమనుషులని వాళ్లనూ కలిపి కడిగేస్తుంది. దరోగా లేచి వెళ్లిపోతాడు. మీకు అరుపు వినిపించింది, నాకు ఆ ముప్పై రూపాయల అప్పు ఆగిపోవడం కనిపించింది.

ఇక మాఘమాసం రాత్రి. నాకు ఈ నవలలో ఎక్కువ ఇష్టమైన అధ్యాయం. చలికాలపు వాన, కళ్లు పొడుచుకున్నా కనపడని చీకటి. హోరీ బఠానీ చేను గట్టు మీద గుడిసెలో కాపలా పడుకున్నాడు. చేను తనది కాదు, పునియాది. కప్పుకున్న కంబళి తను పుట్టకముందుది. చిన్నప్పుడు తండ్రి పక్కన పడుకుని కప్పుకున్నాడు, వయసులో కొడుకు గోబర్‌ను పక్కన వేసుకుని కప్పుకున్నాడు, ఇప్పుడు చిరుగుల్లోంచి గాలి కొడుతుంటే పగిలిన కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, మొహం కంబళిలో దాచుకుని తన ఊపిరితోనే తను వెచ్చపడాలని చూస్తున్నాడు. ఆ వానలో ధనియా వస్తుంది. భోలా కూతురు, వితంతువు ఝునియా, గోబర్ వల్ల అయిదో నెల. గోబర్ ఆమెను వాకిట దాకా తెచ్చి మాయమైపోయాడు. హోరీ మండిపడతాడు, ఈడ్చి బయట పారేస్తానంటూ లేస్తాడు. అప్పటి దాకా తనూ తిట్టిన ధనియా దారిలో మెత్తబడుతుంది. ఈ అర్ధరాత్రి ఎక్కడికి పోతుంది, దాని మీద చెయ్యి చేసుకోకు అంటుంది. గుమ్మంలో ఆ పిల్ల కాళ్ల మీద పడగానే హోరీ అన్న మాట: భయపడకు తల్లీ, ఇది నీ ఇల్లే, మేం నీవాళ్లమే.

ఆ మాట హోరీ నోట వచ్చింది. రప్పించింది ధనియా. రేపు ఊరు ఏమంటుందో తెలిసే ఆ పని చేసింది. పెద్ద గొంతు ఉన్న మనిషిని చూడగానే గయ్యాళి అనేస్తాం మనం. ఆ గొంతు ఎవరి కోసం లేస్తోందో కూడా చూడాలి.

ప్రశ్న: మేడమ్, ఊరి కథ బాగుంది. మధ్యలో లక్నో కథ, రాయ్ సాహెబ్, మిల్లు ఓనర్ ఖన్నా, ప్రొఫెసర్ మెహతా, డాక్టర్ మాలతి, వాళ్ల పిక్నిక్కులు, ఉపన్యాసాలు! నేను ఆ అధ్యాయాలు స్కిప్ చేసేశాను. తప్పా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఉపన్యాసాలు వదిలేసినా నేనేమీ అనను. మహిళల సభలో మెహతా స్త్రీల గురించి ఇచ్చే ప్రసంగం నాకెప్పుడూ మింగుడు పడలేదు. ధనియాని సృష్టించిన చేత్తోనే అది రాశాడా అనిపిస్తుంది.

కానీ మిల్లు కథ వదిలెయ్యకండి. హోరీ చెరకు ఎక్కడికి వెళ్తుంది? ఖన్నా చక్కెర మిల్లుకి. ఊళ్లో అప్పులిచ్చే ఝింగురీ సింగ్ ఎవరు? పట్నంలో ఉన్న పెద్ద షావుకారుకి ఏజెంటు. చెరకు తూకం అయ్యాక డబ్బు రైతు చేతికి రాకముందే ఝింగురీ మిల్లు దగ్గర కాపు కాసి పట్టుకుంటాడు. హోరీకి నూట ఇరవై వస్తే తన బాకీ వడ్డీతో సహా పట్టుకుని పాతిక చేతిలో పెడతాడు. ఆ పాతికనూ జమీందారు గుమాస్తా నోఖేరామ్ లాగేసుకుంటాడు. ఏడాది పంట, ఇంటికి వట్టి చేతులు. గిర్ధర్ అనే ఇంకో రైతు ఒక్క అణాను నోట్లో దాచుకుని దక్కించుకుంటాడు, దానితో కల్లు తాగి తూలుకుంటూ వస్తాడు.

జమీందారు రాయ్ సాహెబ్ సంగతి ఇంకా చూడండి. హోరీకి పడిన దండుగ గురించి ఒక పత్రికాధిపతి రాయబోతాడు. రాయ్ సాహెబ్ ఆ పత్రికకు వంద చందాలు కట్టి నోరు మూయిస్తాడు. హోరీకి మాత్రం ఒక్క గింజ తిరిగి రాదు. పట్నం అధ్యాయాలు తీసేస్తే బేలారీ ఊరికి పట్టిన పీడ బేలారీలోనే పుట్టిందనుకుంటాం. వారాంతంలో ఆ అధ్యాయాలు ఒకసారి చూడండి.

ప్రశ్న: సినిమాగా వచ్చిందా?
– పేరు రాయలేదు, అనకాపల్లి

జవాబు: వచ్చింది. 1963లో హిందీలో, హోరీగా రాజ్‌కుమార్, ధనియాగా కామినీ కౌశల్, సంగీతం పండిట్ రవిశంకర్. తెలుగులో చూడాలంటే ప్రేమ్‌చంద్ మరో కథ ‘కఫన్’ ఆధారంగా మృణాల్ సేన్ 1977లో తీసిన ‘ఒక ఊరి కథ’ చూడండి.

ప్రశ్న: టీచర్ గారూ, నాకు ముగ్గురు ఆడపిల్లలు. హోరీని అన్ని చోట్లా క్షమించగలిగాను. రూపా పెళ్లి దగ్గర మాత్రం పుస్తకం మూసేశాను. తండ్రి అయినవాడు అలా ఎలా చేస్తాడు?
– ఆటో డ్రైవర్, నంద్యాల

జవాబు: క్షమించవద్దు నాయనా. ప్రేమ్‌చంద్ కూడా క్షమించమని అడగడు.

మూడేళ్ల శిస్తు బాకీ, పొలంలోంచి వెళ్లగొట్టడానికి దావా. అప్పుడు దాతాదీన్ ఒక సంబంధం తెస్తాడు. పెళ్లికొడుకు రామ్‌సేవక్ హోరీ కన్నా రెండు మూడేళ్లే చిన్న. హోరీ చేతికి రెండు వందలు వస్తాయి. బదులు అని పేరు పెట్టుకున్నా పిల్లను అమ్మడమే అది, ఆ సంగతి హోరీకి తెలుసు. డబ్బు అందుకుంటుంటే చెయ్యి వణుకుతుంది, తల పైకి లేవదు, నోట మాట రాదు. ముప్పై ఏళ్లు బతుకుతో కొట్లాడి ఆ రోజు ఓడిపోయానని అనుకుంటాడు. దారిన పోయేవాళ్లంతా మొహాన ఉమ్ముతున్నట్టు అనిపిస్తుంది. పోలీసులు వచ్చినా, కులం వెలివేసినా, ఇల్లు తాకట్టు పడినా ఓడిపోయాననుకోని మనిషి!

మీరు ఇంకో పెళ్లి కూడా మళ్లీ చదవండి, పెద్దమ్మాయి సోనాది. ఆ పిల్ల ఎంత గట్టిది! కట్నం తీసుకుంటే ఈ పెళ్లి చేసుకోనని స్నేహితురాలు సిలియా చేత పెళ్లికొడుక్కి కబురు పంపుతుంది. మామగారు గౌరీ మహతో మాకేమీ వద్దని ఉత్తరం రాస్తాడు. అక్కడితో ఇల్లు గట్టెక్కాలి కదా? ధనియా ఒప్పుకోదు. వాళ్లు పెద్దమనసుతో వద్దన్నారు సరే, మన మర్యాద మనం నిలుపుకోవద్దా, లోకం ఏమంటుంది అంటుంది. దరోగా ముందు ముప్పై రూపాయలు విసిరికొట్టిన ధనియానే! పెళ్లి కోసం మళ్లీ రెండు వందల అప్పు. చెల్లెలి పెళ్లిలో చేతికొచ్చిన రెండు వందలకూ, అక్క పెళ్లికి చేసిన ఈ రెండు వందలకూ సంబంధం లేదని ఎవరైనా అనగలరా?

నేను పనిచేసిన ఊళ్లలో ఒకచోట తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. హిందీ పద్యం ఒక్కసారి వింటే అప్పజెప్పేసేది. అక్క పెళ్లికి చేసిన అప్పు తీరాలంటే దీన్ని మేనమామకు ఇచ్చెయ్యాలని ఇంట్లో వాళ్లు సంక్రాంతి సెలవుల్లో పెళ్లి చేసేశారు. వాళ్ల నాన్నను బజార్లో చూశాను. నన్ను చూసి పక్కసందులోకి తిరిగిపోయాడు. హోరీ తల ఎందుకు లేవలేదో నాకు ఆ రోజు అర్థమైంది. మీ ముగ్గురు అమ్మాయిలకూ బాగా చదువు చెప్పించండి, కట్నం మాట వచ్చినప్పుడు సోనా చెప్పినట్టు చెప్పనివ్వండి.

ప్రశ్న: మాది పల్నాడు. ఊళ్లో మిరప వేసి నష్టపోయి నాన్న అప్పులపాలయ్యారు. నేను హైదరాబాద్ వచ్చి డెలివరీ పని చేస్తున్నాను. తీసుకున్నదానికి రెట్టింపు ఎప్పుడో కట్టేశాం, ఇంక కట్టొద్దంటే నాన్న వినడం లేదు. మాట పోతుందంటారు. గోబర్ చదువుతుంటే నన్నే చూసి రాసినట్టుంది. గోబర్ చెప్పిందే కరెక్టు కదా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: లెక్క ప్రకారం గోబర్ నూటికి నూరుపాళ్లు కరెక్టు. దాతాదీన్ దగ్గర తెచ్చిన ముప్పై రెండు వందలు అయిందంటే గోబర్ ఒప్పుకోడు. నూటికి రూపాయి వడ్డీ చొప్పున కట్టి డెబ్బై ఇస్తాను, ఒక్క పైసా ఎక్కువ ఇవ్వనంటాడు. దాతాదీన్ శాపనార్థాలు పెట్టి లేస్తాడు. హోరీ పరిగెత్తుకుంటూ వెళ్లి ఆయన కాళ్లు పట్టుకుంటాడు. షావుకారు డబ్బయితే అంత దిగులు లేకపోయేది, బ్రాహ్మణుడి సొమ్ము పైసా ఎగ్గొట్టినా ఎముకలు విరుచుకుని బయటికొస్తుందని అతని భయం. పోయేవాడిని వెనక్కి పిలిచి మరీ అప్పు నెత్తిన పెట్టుకున్నాడు తండ్రి. కొడుకు విసిగిపోయి పెళ్లాన్నీ బిడ్డనూ తీసుకుని వెళ్లిపోతాడు. మీ నాన్నగారి మాట, మీ మాట నాకు అక్కడే వినిపిస్తున్నాయి.

కానీ గోబర్‌ను పూర్తిగా నెత్తిన పెట్టుకోకండి. పట్నంలో నాలుగు డబ్బులు చేతికి రాగానే అతను ఏం చేశాడు? పక్కనున్న జట్కావాళ్లకూ, చాకళ్లకూ వడ్డీకి తిప్పడం మొదలుపెట్టాడు. ఊళ్లో తన తండ్రి గొంతు కోసిన పనే అది. ఈ ఒక్క సంగతి రాసినందుకే ప్రేమ్‌చంద్‌కు నమస్కారం పెట్టాలనిపిస్తుంది నాకు. తన పాత్ర అని వెనకేసుకు రాలేదు.

నాన్నగారితో ఫోన్లో వాదించకండి. పండక్కి ఊరెళ్లినప్పుడు కాగితాలన్నీ ముందు పెట్టుకుని, ఎప్పుడు ఎంత కట్టారో వరసగా ఒక నోటు పుస్తకంలో ఆయన చేతే రాయించండి. మాట పోవడం గురించి మీరు చెబితే ఆయనకు ఎక్కదు. తన చేత్తో రాసుకున్న లెక్క ఎక్కవచ్చు.

ప్రశ్న: హోరీ కుటుంబం కష్టాల్లో సిలియా కథ మరుగున పడిపోతోంది. మీరు కూడా పోయిన నెల ఆమె పేరే ఎత్తలేదు.
– పరిశోధక విద్యార్థి, తిరుపతి

జవాబు: ఎత్తవలసిన పేరే. సిలియా చర్మకారుల అమ్మాయి. దాతాదీన్ కొడుకు మాతాదీన్ ఆమెను ఉంచుకుని కళ్లంలో కూలిదాని కన్నా హీనంగా చాకిరీ చేయించుకుంటాడు. ఆమె తన చేత్తో గుప్పెడు ధాన్యం ఎవరికో ఇస్తే నీకేం హక్కుందని కసురుతాడు. ఆమె వాళ్లు వచ్చి, మా పిల్లను బ్రాహ్మణురాలిని చెయ్యలేకపోతే నిన్ను మాలో కలుపుకుంటామని అతని నోట్లో ఎముక పెడతారు. పుట్టింటివాళ్లూ అతనూ ఇద్దరూ కాదన్న సిలియాకు చోటిచ్చింది ఎవరు? మళ్లీ ధనియానే.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఝునియాను ఇంట్లో పెట్టుకున్నందుకు హోరీకి దండుగ వేసిన పెద్దల్లో దాతాదీన్ ఒకడు. అప్పటికి అతని సొంత కొడుకు సిలియాతో ఉంటున్నాడు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆ ఇంటికి దండుగ పడలేదు. మీరు పరిశోధన చేస్తున్నారు కాబట్టి ఈ రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి చూడండి. పరువు అనేది ఎవరి దగ్గర వసూలు చేసే పన్నో తేలిపోతుంది.

ప్రశ్న: చివర్లో గోదానం జరిగినట్టా, జరగనట్టా? మా ఇంట్లో దీని మీద పెద్ద వాదన అయింది.
– విశ్రాంత పోస్ట్‌మాస్టర్, రాజమహేంద్రవరం

జవాబు: కంకర మోస్తూ హోరీ వడదెబ్బకు పడిపోతాడు. మనవడు మంగళ్‌కు పాలకోసం ఆవును కొనాలని ఆ కూలి పని. గోదానం చేయించమని ఏడుస్తూ అడిగేది ఎవరో చూశారా? హీరా. అన్న ఆవుకు విషం పెట్టి, ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన హీరా. ధనియా ఆ రోజు పురికొస అమ్మగా వచ్చిన ఇరవై అణాలు, రూపాయి పావలా, తెచ్చి భర్త చేతిలో పెట్టి, ఎదురుగా నిలబడిన దాతాదీన్‌తో ఇంట్లో ఆవూ లేదు, దూడా లేదు, డబ్బూ లేదు, ఇదే ఈయన గోదానం అంటుంది. 

శాస్త్రం ప్రకారం జరిగిందా అంటే పురోహితుడు పుచ్చుకుంటే జరిగినట్టే. నన్నడిగితే, ఆ ఇరవై అణాలు కూడా దాతాదీన్‌కే చేరాయన్నది అసలు సంగతి. ముప్పై రూపాయలు అప్పిచ్చినవాడూ అతనే, దండుగ వేసినవాడూ అతనే, రూపా సంబంధం తెచ్చినవాడూ అతనే. రూపా అత్తవారింటి నుంచి ఆవును పంపింది కూడా, దాన్ని తోలుకొచ్చే మనిషి దారిలో ఉన్నాడు. మీ ఇంట్లో వాదన ఆపకండి, ఇంకో వారం సాగనివ్వండి.

ప్రశ్న: మా అమ్మకు చదువు రాదు. రాత్రిపూట చదివి వినిపిద్దామనుకుంటున్నాను. కానీ అంతా ఏడుపే అయితే ఆమె తట్టుకోలేదేమో. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?
– అంగన్‌వాడీ కార్యకర్త, కావలి

జవాబు: మంచి పని చేస్తున్నావు తల్లీ. మొదటి అధ్యాయమే చదువు, నవ్వు వస్తుంది. జమీందారు దగ్గరికి వెళ్లేందుకు ధనియా కర్ర, చొక్కా, తలపాగా, చెప్పులు, పొగాకు సంచి అన్నీ తెచ్చి ముందు పడేస్తుంది. అత్తారింటికి వెళ్తున్నానా ఏమిటి ఇన్ని తెచ్చావు, అక్కడ కూడా చూపించుకోవడానికి వయసులో ఉన్న మరదళ్లు లేరే అంటాడు హోరీ. మీ అమ్మగారికి ఈ మాటలు తెలిసినవే అయి ఉంటాయి.

తర్వాత కొంచెం ముందుకు పోయి హోలీ నాటకం చదువు. పట్నం నుంచి వచ్చిన గోబర్ కుర్రాళ్లను కూడగట్టి ఊరి షావుకార్ల మీద ఆడించే వేషం అది. రైతు పది రూపాయలకు నోటు రాస్తే ఠాకూరు అయిదే ఇస్తాడు. ఇవి అయిదే కదా దొరా అంటే, కాదు పదే అంటాడు. నజరానా ఒకటి, రాసినందుకు ఒకటి, కాగితానికి ఒకటి, మామూలు ఒకటి, వడ్డీ ఒకటి, చేతిలో అయిదు, పది అయ్యాయా లేదా? అయ్యాయి దొరా, అయితే ఈ అయిదూ కూడా మీరే ఉంచండి అంటాడు రైతు. ఠాకూరు గారి చిన్న భార్యకు నజరానా ఒకటి, పెద్దావిడకు ఒకటి, చిన్నావిడ తాంబూలానికి ఒకటి, పెద్దావిడ తాంబూలానికి ఒకటి. మిగిలిన ఒక్కటీ తమరి దినకర్మలకు. ఇది గొంతులు మార్చి చదవాలి.

ఆ తర్వాత మాఘమాసం అధ్యాయం, దరోగా అధ్యాయం. రూపా పెళ్లి నుంచి చివరి దాకా మాత్రం ఒకే రాత్రి చదవకు, రెండు మూడు రాత్రులకు పంచుకో. చదివాక ధనియా గురించి మీ అమ్మగారు ఏమన్నారో ఆవిడ మాటల్లోనే రాసి పంపు. వచ్చే నెల ఈ పేజీలో ముందు అదే వేస్తాను.